గోడమీది బొమ్మలు చెప్పే పాఠం

పిల్లలూ! మీ తరగతి గోడలమీద ఏమేమి వేలాడుతున్నాయో ఒకసారి తల ఎత్తి చూడండి. భారతదేశ పటం ఉంటుంది. మనిషి అస్థిపంజరం ఉంటుంది. పువ్వులోని భాగాలు, నీటి చక్రం ఉంటాయి. వాటిని అక్కడ అందం కోసం తగిలించలేదు. రోజూ కంటబడుతూ ఉంటే, చదవమని ఎవరూ చెప్పకుండానే కొంత బుర్రకెక్కుతుందని ఉపాధ్యాయుల ఆశ. ఎన్నో ఏళ్ళుగా సైన్సు చెబుతున్నవాణ్ణి కాబట్టి, ఆ ఆశ కొంతవరకు నిజమేనని నాకు తెలుసు.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అరిజోనా అనే రాష్ట్రం ఉంది. దాని ఈశాన్య భాగంలో హోపీలు అనే మూలవాసులు నివసిస్తున్నారు. హోపీ ఇంట్లో ఆడపిల్ల పెరుగుతుంటే, ఆ ఇంటి గోడమీదికి కూడా ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటాయి. అవి పటాలు కావు. కొయ్యతో చెక్కి, రంగులు వేసిన బొమ్మలు. బయటివారు వాటిని కచినా బొమ్మలంటారు. ఈనాడు ఎన్నో దేశాల మ్యూజియంలలో, అద్దాల బీరువాలలో అవి కనిపిస్తాయి. వేల డాలర్లకు అమ్ముడుపోయేవీ ఉన్నాయి.

కాని ఆ బొమ్మ పుట్టింది బీరువా కోసం కాదు. ఒక పిల్లకు పాఠం చెప్పడం కోసం. ఆ సంగతి మరిచిపోతే ఏం జరుగుతుందో చివర చెబుతాను. ముందు బొమ్మను చూద్దాం.

వాన కోసం ఎదురుచూచే నేల

హోపీల గ్రామాలు చాలావరకు మూడు బల్లపరుపు గుట్టలమీద, వాటి పాదాల దగ్గర ఉన్నాయి. ఇటువంటి గుట్టను అక్కడ మేసా అంటారు. స్పానిష్ భాషలో ఆ మాటకు బల్ల అని అర్థం. మూడో మేసామీది ఒరైబీ గ్రామంలో ఎనిమిది వందల ఏళ్ళకు పైగా జనం విడవకుండా కాపురం ఉంటున్నారు.

అక్కడ ఏడాది పొడుగునా కురిసేది సుమారు 200 నుంచి 250 మిల్లీమీటర్లు. వానలు బహు తక్కువని మనం చెప్పుకొనే అనంతపురం ప్రాంతంలోనే సగటున 500 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. దీన్నిబట్టి హోపీల నేల ఎంత పొడినేలో ఊహించుకోండి. అయినా వారు వందల ఏళ్ళుగా మొక్కజొన్న పండిస్తున్నారు.

మన రైతు మొక్కజొన్న గింజను నాలుగైదు సెంటీమీటర్ల లోతున వేస్తాడు. హోపీ రైతు మొనదేలిన కర్రతో గుంట చేస్తాడు. చలికాలపు మంచు కరిగి ఇంకిన తడి తగిలేవరకు, 15 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పోయి, అక్కడ గింజలు వేస్తాడు. మామూలు రకం గింజను అంత లోతున పాతితే మొలక పైకి రాలేక మట్టిలోనే చచ్చిపోతుంది. హోపీ మొక్కజొన్న మాత్రం వస్తుంది. 1914లో కాలిన్స్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు దీని కారణాన్ని వివరించాడు. గింజకూ మొలక తొడుగుకూ మధ్య చిన్న కాడ ఒకటి ఉంటుంది. హోపీ రకాలలో ఆ కాడ చాలా పొడవుగా సాగి, తొడుగును నేలపైదాకా మోసుకొస్తుంది. అంతేకాదు, గింజనుంచి ఒకే ఒక బలమైన వేరు తిన్నగా కిందికి, తడివైపు దిగుతుంది. తరతరాలుగా మంచి కంకులు ఏరి విత్తనం దాచుకొన్న రైతుల కృషి ఇది.

ఇంత చేసినా, ఎండాకాలంలో రెండు వానలైనా పడకపోతే కంకి నిండదు. అందుకే హోపీల పండుగలు, పాటలు, బొమ్మలు అన్నీ వాన చుట్టూ తిరుగుతాయి.

కత్సినా ఎవరు? తిహు అంటే ఏమిటి?

ముందు పేరు సరిచేసుకుందాం. కచినా అనేటప్పుడు మనం పలికే చకారం హోపీ భాషలో లేదు. వారు కత్సినా అంటారు. చలి, చాప అనే మాటలలో నాలుక కొన పళ్ళకు తగిలి పలికే చకారం ఉంది చూశారా, ఇంచుమించు అదే శబ్దం. ఇంగ్లీషువారికి కష్టమైన ఈ పలుకు తెలుగు పిల్లలకు సులువే!

మేఘాలు, వాన, మొక్కలు, జంతువులు, గతించిన పెద్దలు వీటన్నిటి ఆత్మస్వరూపాలే కత్సినాలని హోపీల విశ్వాసం. మనుషుల ప్రార్థనలు తీసుకుపోయి వాన తెచ్చే దూతలు వారు. రెండువందలకు పైగా కత్సినాలున్నారు. ఒక్కొక్కరికి వేరు పేరు, వేరు రూపం, వేరు రంగులు. చలికాలం నడిమి నుంచి జులై వరకు వారు గ్రామాలకు వచ్చిపోతుంటారు. మిగిలిన కాలం నైరుతి దిక్కున దూరంగా కనిపించే శాన్‌ఫ్రాన్సిస్కో శిఖరాలమీద ఉంటారు. ఈ శిఖరాలు అరిజోనాలోనివే. ఆ పేరుగల మహానగరానికి వీటితో సంబంధం లేదు.

ఆ శిఖరాలలో అన్నిటికంటె ఎత్తైనది 3,851 మీటర్లు. వేసవిలో ఎండకు వేడెక్కిన గాలి ఆ కొండవాలు వెంట పైకి పోతుంది. పైకి పోయినకొద్దీ చల్లబడుతుంది. అందులోని నీటి ఆవిరి మేఘమవుతుంది. మీ భూగోళశాస్త్రంలో చదివినదే! అరిజోనాలో ఎండాకాలపు వానలు జులైలో మొదలై సెప్టెంబరు దాకా ఉంటాయి. కత్సినాలు గ్రామాలు విడిచి కొండలకు మళ్ళేది కూడా జులైలోనే. మేఘం పుట్టే చోటే వానదూతల ఇల్లని చెప్పినవారు ఆకాశాన్ని ఎంత శ్రద్ధగా చూచి ఉంటారో ఆలోచించండి.

ఫిబ్రవరిలో పొవాముయా అనే పండుగ వస్తుంది. బయట గడ్డకట్టే చలి. కివా అనే భూగర్భపు గదులలో నిప్పు రాజేసి, ఆ వెచ్చదనంలో చిక్కుడు జాతి గింజలను మొలకెత్తిస్తారు. జులైలో నీమాన్ అనే వీడ్కోలు పండుగ వస్తుంది. ఈ పండుగలలో కత్సినాలు ఆడపిల్లలకు బొమ్మలు బహుమతిగా ఇస్తారు. మగపిల్లలకు విల్లంబుల వంటివి ఇస్తారు. ఆ బొమ్మను హోపీ భాషలో తిహు అంటారు.

పసిపాపకు అందే మొదటి తిహు పలకలాగా చదునుగా ఉంటుంది. దానికి కాళ్ళూ చేతులూ విడిగా చెక్కరు. ముఖం, దుస్తులు రంగుతోనే చూపుతారు. సాధారణంగా అది హాహైవూటి బొమ్మ అయి ఉంటుంది. కత్సినాలందరికీ ఆమె తల్లి. పిల్ల పెరిగేకొద్దీ బొమ్మ కూడా ఎదుగుతుంది. చదును బొమ్మ తరువాత గుండ్రని ఒళ్ళున్న బొమ్మ, ఆ తరువాత కాళ్ళూ చేతులూ తీర్చిన బొమ్మ వస్తాయి. మీ ఒకటో తరగతి వాచకానికీ పదో తరగతి వాచకానికీ ఉన్న తేడా వంటిదే ఇది.

తిహు దేవుడి విగ్రహం కాదు. దాన్ని పూజించరు. ఆడుకొని పారవేసే ఆటవస్తువూ కాదు. గోడకో దూలానికో వేలాడదీస్తారు. ఏ కత్సినా ఎవరు, ఏ కాలంలో వస్తాడు, ఏ గుర్తు దేనికి అన్నది పిల్ల రోజూ చూచి, పెద్దల మాటలు విని నేర్చుకొంటుంది.

నీటిని వెదికే వేరు

తిహును చెక్కడానికి హోపీలు వాడేది కాటన్‌వుడ్ చెట్టు వేరు. గాలికి ఎగిరే దీని గింజలకు దూది వంటి నూగు ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మన బూరుగుకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది పాప్లార్ జాతి చెట్టు. వాగుల వెంట, నదుల ఒడ్డున పెరిగి, వేళ్ళను తడివైపు చాపుతుంది. వరదలకు ఒడ్డు కోసుకుపోయి వేళ్ళు తెగి కొట్టుకొస్తాయి. ఎండి తేలికైన వేళ్ళను ఏరి తెచ్చుకొంటారు.

కాండం ఉండగా వేరే ఎందుకు? ఇందులో భౌతికశాస్త్రం ఉంది. కొయ్య ఎండేటప్పుడు అన్నివైపులా సమంగా కుంచించుకుపోదు. కాండంలోని వలయాల వెంబడి ఎక్కువగా, వలయాలకు అడ్డంగా తక్కువగా కుంచించుకుపోతుంది. ఈ లాగులాటలో కొయ్య పగులుతుంది. వేరులో కణాలు పెద్దవి, వాటి గోడలు పలుచన. కొయ్య మెత్తగా, ఒకే తీరుగా ఉంటుంది. చాకు ఎటు తిప్పితే అటు తెగుతుంది. పైగా తేలిక. ఒక ఘనసెంటీమీటరు నీరు ఒక గ్రాము తూగితే, ఎండిన కాటన్‌వుడ్ కొయ్య సుమారు 0.4 గ్రాము తూగుతుంది. గోడకు వేలాడే బొమ్మకు బరువు తక్కువ ఉండటం మంచిదే కదా! మన కొండపల్లి బొమ్మల పనివారు తెల్లపొణికి కొయ్యను ఎంచుకొన్నది కూడా ఇటువంటి గుణాల కోసమే.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. కాటన్‌వుడ్ గింజ మొలవాలంటే, వరద తీసిన తరువాత మిగిలిన తడి ఇసుక కావాలి. నదులకు ఆనకట్టలు కట్టి, భూగర్భజలం తోడేసిన చోట అటువంటి ఇసుక దొరకదు. అమెరికా నైరుతి ప్రాంతంలో ఈ చెట్ల తోపులు బాగా తగ్గిపోయాయి. మంచి వేరు కోసం ఈనాటి పనివారు దూరం పోయి వెదకవలసి వస్తోంది, లేదా డబ్బుపెట్టి కొనవలసి వస్తోంది. చూశారా, ఎక్కడో కట్టిన ఆనకట్ట బొమ్మదాకా వచ్చింది!

ముఖంమీద దిక్కులు

చెక్కిన కొయ్యను ఇసుకరాయితో నునుపు చేసి, ముందు కెయోలిన్ అనే తెల్లమట్టి పూత పూస్తారు. ఇది కొయ్యలోని సన్నని రంధ్రాలను మూసి, పైన వేసే రంగును పీల్చుకోకుండా చేస్తుంది. పూర్వం రంగులన్నీ నేలనుంచి, మొక్కలనుంచి వచ్చేవి. ఎరుపు ఇనుము ఆక్సైడుది. మన ఇళ్ళ అరుగులకు అలికే జాజు వంటిదే. పసుపు, నీరు కలిసిన మరొక రకం ఇనుము ఆక్సైడుది. ఆకుపచ్చ, నీలం రంగులు రాగి కార్బొనేటు ఖనిజాలవి. నలుపు మసిది. ఒకే ఇనుము రెండు రంగులివ్వడం గమనించండి. ఇప్పుడు చాలామంది అంగడిలో దొరికే రంగులు వాడుతున్నారు. పాతకాలపు మట్టిరంగులతోనే చేసేవారూ ఉన్నారు.

రంగు ఊరికే వేయరు. అది దిక్కును చెబుతుంది. పసుపు వాయవ్యం, నీలం నైరుతి, ఎరుపు ఆగ్నేయం, తెలుపు ఈశాన్యం. మనం తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అంటాం. వారు మూలలు ఎందుకు చెబుతున్నారు?

జవాబు సూర్యుడి దగ్గర ఉంది. సూర్యుడు ఏడాది పొడుగునా ఒకేచోట ఉదయించడు. జూన్ 21 ప్రాంతంలో ఈశాన్యంవైపు చివరి హద్దున, డిసెంబరు 21 ప్రాంతంలో ఆగ్నేయంవైపు చివరి హద్దున ఉదయిస్తాడు. అస్తమయం కూడా ఇలాగే వాయవ్యం, నైరుతి హద్దుల మధ్య తిరుగుతుంది. ఈ నాలుగు హద్దులే హోపీల నాలుగు దిక్కులు. హోపీల ప్రాంతం సుమారు 36 డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉంది. అక్కడ ఈ హద్దులు సరియైన తూర్పు పడమరలకు సుమారు 30 డిగ్రీలు ఇటూ అటూ ఉంటాయి. దూరపు కొండల వరుసలో సూర్యుడు ఏ గుట్టమీద ఉదయించాడో చూచి, ఏ పంట ఎప్పుడు వేయాలో చెప్పే పెద్దలు ఆ గ్రామాలలో ఉండేవారు. కొండల వరుసే వారి పంచాంగం. ఆ పంచాంగపు రంగులే బొమ్మ ముఖంమీద ఉన్నాయి.

ఈక పోయి కొయ్య వచ్చింది

పందొమ్మిదో శతాబ్దం చివరలో రైలు వచ్చింది. దాని వెంట యాత్రికులు, వ్యాపారులు, పరిశోధకులు వచ్చారు. ఫ్యూక్స్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ బొమ్మలమీద 1894లో వ్యాసం రాశాడు. హోపీ చిత్రకారుల చేతనే కత్సినాల బొమ్మలు వేయించి 1903లో ప్రచురించాడు. గిరాకీ పెరిగింది. అమ్మకానికి బొమ్మలు చెక్కడం హోపీలకు జీవనాధారమయింది. తిహును అమ్మడం తప్పు కాదని చాలామంది హోపీలు భావిస్తారు. కొనేవారి కోసం బొమ్మ మారింది కూడా. నిటారుగా నిలబడే బొమ్మకు నడక వచ్చింది, నాట్యం వచ్చింది, కింద పీట వచ్చింది.

చట్టం కూడా బొమ్మను మార్చింది. పాత బొమ్మలకు నిజమైన పక్షి ఈకలు ఉండేవి. అడవి పక్షులను కాపాడటానికి చేసిన చట్టాలవల్ల అటువంటి ఈకలున్న బొమ్మలను అమ్మడానికి వీలు లేకపోయింది. అప్పుడు పనివారు ఈకలను కూడా కొయ్యతోనే చెక్కడం నేర్చారు. ఈకలోని సన్నని పీచులు ఒక్కొక్కటీ తీర్చిన ఆ పనితనం చూస్తే అది కొయ్య అని నమ్మడం కష్టం.

అద్దాల బీరువాలో పాషాణం

ఇక మొదట చెబుతానన్న సంగతి. తిహు పిల్లల కోసం. హోపీలకు అంతకంటె పవిత్రమైనవి మరికొన్ని ఉన్నాయి. అవి పండుగలలో ఒంటికి తగిలించుకొనేవి. వాటిని వస్తువులని కూడా అనరు. స్నేహితులు అంటారు. వాటికి ప్రాణముందని, అవి ఊరందరివి కాబట్టి అమ్మే హక్కు ఏ ఒక్కరికీ లేదని వారి నియమం. వాటి గురించి బయటివారితో ఎక్కువ మాట్లాడరు. గ్రామాలలో ఫోటోలు తీయనివ్వరు. కాబట్టి నేనూ వర్ణించను. అయినా వందేళ్ళ కిందట బొమ్మలతోపాటు ఇవీ మ్యూజియంలకు చేరాయి.

మ్యూజియంలో పెట్టిన ఈకలను, తోలును, ఉన్నిని చిమ్మటలు, ఇతర పురుగులు తినేస్తాయి. వాటిని చంపడానికి ఆ రోజుల్లో ఆర్సెనిక్ సమ్మేళనాలు, పాదరసపు లవణాలు చల్లేవారు. ఆర్సెనిక్ అంటే మన పెద్దలు పాషాణం అని పిలిచే విషం. పురుగులు చచ్చాయి. వస్తువులు నిలిచాయి. పని మంచిదే అనుకొన్నారు.

1990లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. మూలవాసుల అస్థికలను, పవిత్ర వస్తువులను వారికి మ్యూజియంలు తిరిగి అప్పగించాలని ఆ చట్టం చెబుతుంది. అలా హోపీలకు తిరిగివచ్చిన కొన్ని పవిత్ర వస్తువులలో ఆర్సెనిక్ ఉన్నట్టు 1990ల చివర పరీక్షలలో తేలింది. ఎంత ఘోరమో చూడండి! బీరువాలో ఉన్నంతకాలం ఆ విషం ఎవరినీ ఏమీ చేయలేదు. ఇంటికి చేరి, మళ్ళీ మనిషి ఒంటికి తగలవలసిన వేళ అది ప్రమాదమయింది. ఆర్సెనిక్ మూలకం. కాలం గడిచినా అది విరిగిపోదు, మాయం కాదు.

దాన్ని కనిపెట్టే పద్ధతి తెలుసుకోవలసినది. దాన్ని ఎక్స్ కిరణ ప్రతిదీప్తి అంటారు. చేతిలో పట్టే పరికరంతో వస్తువుమీద ఎక్స్ కిరణాలు పడేటట్టు చేస్తారు. అవి పరమాణువు లోపలి కక్ష్యనుంచి ఒక ఎలక్ట్రానును బయటికి నెడతాయి. ఆ ఖాళీలోకి పైకక్ష్య ఎలక్ట్రాను దిగుతుంది. దిగేటప్పుడు ఆ మూలకానికే చెందిన ప్రత్యేక శక్తిగల ఎక్స్ కిరణం వెలువడుతుంది. దాన్ని కొలిచి ఏ మూలకమో చెబుతారు. వస్తువును గీరనక్కరలేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆర్సెనిక్, సీసం ఇచ్చే ముఖ్య కిరణాల శక్తులు దాదాపు ఒకటే. కాబట్టి వాటి ఇతర కిరణాలను కూడా చూచి తేల్చుకోవాలి.

ఏ వస్తువుమీద ఏ మందు ఎప్పుడు చల్లారో చాలా మ్యూజియంలలో రాసి పెట్టలేదు. ఇది చదివినప్పుడు నాకు మా స్కూలు ప్రయోగశాల గుర్తుకొచ్చింది. సీతాకోకచిలుకల పెట్టెలో నేనూ కలరా ఉండలు వేసేవాణ్ణి. మూతమీద ఒక్క ముక్క రాయలేదు. నా తరువాత ఆ పెట్టె ఎవరు తెరుస్తారన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

2013 ఏప్రిల్‌లో పారిస్ నగరంలో సుమారు 70 పవిత్ర వస్తువులు వేలానికి వచ్చాయి. అమ్మవద్దని హోపీలు వేడుకొన్నారు. కోర్టు వేలాన్ని ఆపలేదు. ఆ డిసెంబరులో జరిగిన మరొక వేలంలో అమెరికాలోని అన్నెన్‌బర్గ్ ఫౌండేషన్ ముందుగా చెప్పకుండా పాల్గొని, 24 వస్తువులను సుమారు 5,30,000 డాలర్లకు కొన్నది. వాటిలో 21 హోపీలవి, 3 శాన్‌కార్లోస్ అపాచీలవి. కొన్నది దాచుకోవడానికి కాదు, వారివి వారికి తిరిగి ఇవ్వడానికి. 2022 డిసెంబరులో, మూలవాసుల పవిత్ర వస్తువులను అమెరికానుంచి విదేశాలకు తరలించడాన్ని నిషేధించే చట్టం వచ్చింది.

మీరు చేయవలసినవి

ఒకటి. మీ స్కూలు ఆవరణలోనో మేడమీదనో ఒకేచోట నిలబడి, వారానికొకసారి సూర్యుడు ఏ చెట్టు వెనుక, ఏ ఇంటి వెనుక ఉదయిస్తున్నాడో నోటుబుక్కులో గీయండి. సూర్యుడు బాగా పైకెక్కిన తరువాత అటు తేరిపార చూడకండి. హైదరాబాదు అక్షాంశంలో డిసెంబరు హద్దు సరియైన తూర్పుకు దక్షిణంగా సుమారు 25 డిగ్రీల దూరంలో ఉంటుంది. హోపీలకు 30 డిగ్రీలు, మనకు 25 ఎందుకో మీ లెక్కల మాస్టారుతో చర్చించండి.

రెండు. ఈసారి మ్యూజియంకు వెళ్ళినప్పుడు వస్తువు కింద ఉన్న చీటీ చదవండి. ఇది ఏమిటి, దేనితో చేశారు, ఎన్నేళ్ళది అన్న ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. ఆ ప్రశ్నలు మంచివే, అవి సైన్సుకు పునాది. వాటితోపాటు ఇంకొకటి కూడా అడగండి. దీన్ని ఎవరు, ఎవరి కోసం చేశారు? వారు ఇప్పుడు ఎక్కడున్నారు? హోపీల విషయంలో జవాబు తేలికే. వారు ఆ మూడు మేసాలమీదనే ఉన్నారు. వచ్చే ఫిబ్రవరిలో కూడా ఏదో ఒక పసిపాప చేతికి చదునైన కొయ్యబొమ్మ ఒకటి అందుతుంది.